పళ్లకు తీగలు, గ్లాసులో క్యారెట్ రసం

మా బావగారు చేసిచ్చిన క్యారెట్ రసం తాగి నెలన్నర రోజులు బతికాను. అంతకుముందు రసాల మీద నేను మాట్లాడిన మాటలు విన్నవాళ్లు బాపట్లలో ఇంకా ఉన్నారు. అందుకే ఆ ఊళ్లో రైలు దిగితే ఇప్పటికీ తల దించుకునే నడుస్తాను.

బావగారంటే మా అక్క భర్త. బ్యాంకులో పనిచేసి రిటైరై బాపట్లలో స్థిరపడ్డారు. నా కాపురం తెనాలి, ఉద్యోగం రేపల్లె హైస్కూల్లో. వారమంతా పిల్లలకు సైన్సు పాఠాలు, ఆదివారాలు సభలు. తాయెత్తుల మీద, వాస్తు మీద, గాలిలోంచి విభూది తీసే బాబాల మీద చిన్న పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ణి. నా వ్యాసం అచ్చయిన వారం ఎవరికీ కోపం రాకపోతే నాకు అన్నం సయించేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ప్రాంతపు ఊళ్లలోకి రసాల నమ్మకం వచ్చింది. జనం పొద్దున్నే నడకకు వెళ్లే గ్రౌండ్ల ముందు తోపుడుబళ్లు వెలిశాయి. క్యారెట్, బీట్‌రూట్, కాకర, సొర, గోధుమగడ్డి. ఒక్కో సీసా ముందు ఒక అట్టముక్క, దాని మీద ఒక జబ్బు పేరు. మోకాళ్ల నొప్పికి ఇది, బీపీకి అది, షుగరుకి ఆ పచ్చది. తాయెత్తు కట్టేవాడు కూడా ఇంత ధైర్యంగా జబ్బుల పేర్లు రాసిపెట్టడు. ఆ బళ్ల చుట్టూ ఎవరున్నారో చూస్తే నాకు ఒళ్లు మండేది. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు, నిమ్మకాయ దిష్టిని చూసి నవ్వేవాళ్లు.

నా వాదం సూటిగా ఉండేది. బత్తాయిని తొనలు ఒలుచుకుని తింటే ఒకటో రెండో తింటాం, కడుపు చాలనంటుంది. పిండితే నాలుగు కాయల తీపి ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. అది రక్తంలోకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పరుగుకు అడ్డంపడే పీచునేమో మనమే తీసి బకెట్లో పడేశాం. నమిలే పని పళ్లది. ఆ పని మరకు అప్పగించి, దానికి ఆరోగ్యం అని పేరు పెట్టుకున్నాం. ఇదంతా నేను ఇప్పటికీ అంటాను. ఇందులో వెనక్కి తీసుకోవలసిన మాట ఒక్కటీ లేదు. నా సిగ్గుకు కారణం వాదం తప్పడం కాదు.

బావగారు ఆ రసాల్లో పడ్డారు. నడక గ్రౌండు ముందున్న బండి దగ్గర రోజూ ఒక గ్లాసు, పదిమందితో ఒక గంట కబుర్లు. మా అక్క ఫోనులో నవ్వుతూ చెప్పేది. బావా బావమరుదుల మధ్య ఎకసెక్కాలు మా వైపు మామూలే కాబట్టి, నేను వెళ్లినప్పుడల్లా ఆయన్ని గడ్డి మేసే మనిషనేవాణ్ణి. ఆయన నన్ను గడ్డికి కూడా పనికిరానివాడనేవారు. అక్కడితో ఆగినా బాగుండేది.

నడక మిత్రులు ఒక ఆదివారం పొద్దున చర్చ పెట్టారు. రసం మేలా, కాయ మేలా. రసం పక్షాన బావగారు, కాయ పక్షాన నేను. నేను చర్చలు నేర్చుకున్నది తెనాలిలో ఒక పెద్దాయన దగ్గర. ఊళ్లో సంస్కరణ సభలు నడిపిన మనిషి. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పు, అతను అవును నా మాట ఇదే అని ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఖండించు అనేవాడు. ఆ నియమాన్ని నేను కొన్ని వందల మందికి బోధించి ఉంటాను. ఆ ఆదివారం మాత్రం దాని జోలికి పోలేదు.

బావగారు ముందు మాట్లాడారు. సభల అలవాటు లేని మనిషి. ఒళ్లు తేలిగ్గా ఉందన్నారు, మోకాలు లాగడం తగ్గిందన్నారు, ఇంకేదో చెప్పబోయి మర్చిపోయి కూర్చున్నారు. నేను లేచి బండి దగ్గరికి వెళ్లి, బకెట్లోంచి పిప్పి ఒక పళ్లెం నిండా తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

"బావగారూ, మీరు డబ్బిచ్చి కొన్న కూరగాయ ఇదండీ. మీరు తాగింది దీన్ని పిండిన నీళ్లు. సాయంత్రం దీన్ని తినేది ఆవు. మీ ఇద్దరిలో తెలివైనవారెవరో సభవారు చెప్పాలి."

వెనక నుంచి ఎవరో అంబా అన్నారు. గ్రౌండంతా నవ్వింది. ఆ తర్వాత పీచు గురించీ, చక్కెర గురించీ నేను చెప్పిన మంచి మాటలు ఎవరికీ గుర్తులేవు. పళ్లెం గుర్తుంది, అంబా గుర్తుంది. బావగారు కూడా నవ్వారు. పళ్లేన్ని పక్కకు జరిపి, కండువాతో చేతులు తుడుచుకున్నారు. నేను గెలిచి తెనాలి బండెక్కాను.

కొన్నాళ్లకు అక్క చెప్పింది, ఆయన నడకకు వెళ్లడం మానేశారని. పొద్దున్నే గేటు దగ్గర ఎవరో ఒకరు అంబా అంటున్నారట. ఇంట్లోకే జ్యూసర్ కొనుక్కున్నారట. మూర్ఖత్వం ముదిరిందన్నాను నేను.

తర్వాత నాలుగు నెలలకో ఏమో, నేను స్కూలు నుంచి మోపెడ్ మీద వస్తున్నాను. రేపల్లె దాటాక రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. ఎదురుగా వచ్చిన లారీకి తప్పుకోబోయి రాయి మీదికి పోయాను. గడ్డం నేలకు కొట్టుకుంది. దవడ రెండు చోట్ల విరిగింది, నాలుక తెగింది. గుంటూరు ఆసుపత్రిలో నాలుకకు కుట్లు వేశారు. పై పళ్లకూ కింది పళ్లకూ లోహపు పట్టీలు వేసి, తీగలతో కలిపి బిగించేశారు. ఎముక అతికే దాకా నోరు తెరవకూడదు, మాట్లాడే ప్రయత్నం చేయకూడదు. ఎప్పుడైనా వాంతి వస్తే తీగలు తెంపడానికి ఒక కటింగ్ ప్లేయర్ దగ్గర పెట్టుకోమని చేతికిచ్చారు.

నా భార్యది కూడా ఉద్యోగమే. ఇంట్లో పగలు చూసేవాళ్లు లేరు. అక్క వచ్చి నన్ను బాపట్ల తీసుకుపోయింది. గేటు తీస్తూ బావగారు నన్ను ఎగాదిగా చూశారు.

"మీ తమ్ముడు నోరు మూసుకుని ఉండగా చూడాలని మన పెళ్లినాడు మొక్కుకున్నానే. కొబ్బరికాయ కొట్టాలి."

"కొట్టండి. వాడు వద్దనలేడుగా ఇప్పుడు," అంది అక్క.

నోరు తెరవలేని మనిషికి తిండి ఎలా వెళ్తుందో అంతవరకు నేనెప్పుడూ ఆలోచించలేదు. చివరి దంతం వెనక కొంచెం సందు ఉంటుంది. అందులోకి సన్నటి గొట్టం పెట్టి ద్రవం పోయాలి. చిన్న నలకున్నా తీగల్లో ఇరుక్కుని మర్నాటికి వాసన వేస్తుంది. అందుకని బావగారు జ్యూసర్‌లోంచి వచ్చిన రసాన్ని మళ్లీ పల్చటి గుడ్డలో పోసి, నిదానంగా పిండి, గ్లాసు వెలుతురుకి పెట్టి చూసి అప్పుడు ఇచ్చేవారు. పొద్దున క్యారెట్, పదకొండింటికి బత్తాయి, సాయంత్రం టమాటా. మధ్యలో అక్క పాలూ, పప్పుకట్టూ పోసేది. గొట్టం జారి రసం గడ్డం మీద కారితే బావగారే తుడిచేవారు. చంటిపిల్లాడి మూతి తుడిచినట్టు రెండు వేళ్లతో. నాకు కళ్లెత్తి చూడాలంటే ప్రాణం పోయేది.

నమలడం గురించి నేను చెప్పినవన్నీ అక్కడ నా ఒంటి మీదే రుజువయ్యాయి. గ్లాసు నిండా తాగాక కడుపు బరువెక్కేది, గంట తిరక్కుండానే ఖాళీ అయ్యేది. నోటి ఆకలి మాత్రం ఎప్పుడూ తీరేది కాదు. వీధిలో జామకాయల బుట్ట వెళ్తుంటే పళ్లు తీగల కింద కదిలేవి. రసం తిండికి సమానం కాదని నాకన్నా గట్టిగా చెప్పగలిగినవాడు ఆ రోజుల్లో బాపట్లలో లేడు. కానీ అదే రసం లేకపోతే నేను ఏమయ్యేవాణ్ణో కూడా నాకు తెలుసు. నమలలేనివాడికి అది తిండి. సభలో నేను ఈ ముక్క అనలేదు. పళ్లు సరిగా లేని ముసలివాళ్లు ముందు వరసలో పదిమంది కూర్చున్నారు. వాళ్లూ నవ్వారు, నేను వాళ్ల ముఖాలు కూడా చూడలేదు.

మాటకు బదులు నాకొక పలక ఇచ్చారు. ఏమైనా కావాలంటే రాసేవాణ్ణి. బావగారికి మాత్రం నా మౌనం బాగా నచ్చింది. వడగట్టుకుంటూ తన బ్యాంకు కబుర్లు, రాని ప్రమోషను కబుర్లు, ఇన్నేళ్లూ నాకు చెప్పనివన్నీ చెప్పేవారు. నేను వినేవాణ్ణి. వినడం తప్ప వేరే పని లేనప్పుడు కళ్లు బాగా పనిచేస్తాయి. ఆయన చిక్కిపోయారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. మాటిమాటికీ లేచి చెంబెడు నీళ్లు తాగుతున్నారు, బయటికి వెళ్లి వస్తున్నారు. కాలి బొటనవేలికి గుడ్డ కట్టుకున్నారు. చెప్పు కరిచిందన్నారు. నేను సైన్సు మాస్టర్ని. ఈ లక్షణాలన్నీ బోర్డు మీద రాసి పిల్లల చేత చదివించినవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అక్క పక్కింటికి వెళ్లింది. బావగారు గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండా అన్నారు:

"నీకొకటి చెప్తానోయ్. తిరిగి ఏం అనలేవు కాబట్టి చెప్తున్నా. షుగరు మాత్రలు మానేశాను."

నేను పలక అందుకోబోయాను. ఆయన తడిచెయ్యి పలక మీద వేశారు.

"ఉండు. మా నాన్న ఏళ్ల తరబడి మింగాడు మాత్రలు. ఏమైంది? కాలు తీసేశారు. మింగినా పోయే కాలైతే మింగడం ఎందుకు? ఇదైతే తగ్గుతుందని బండి దగ్గర అందరూ అన్నారు. తగ్గితే ఆ రిపోర్టు తెచ్చి నీ మొహాన కొడదామనుకున్నా. ఆ సభ అయిన మర్నాటి నుంచి ఒక్క మాత్ర వేసుకోలా."

చెయ్యి తీశారు. తగ్గిందా అని రాశాను.

"పరీక్ష చేయించలా."

ఎందుకు అని రాశాను. ఆయన గుడ్డలో మిగిలిన పిప్పిని చాలాసేపు పిండారు. అందులో ఇక చుక్క లేదు.

"షుగరు ఎక్కువుందంటే నాకేం భయం లేదు. నువ్వు నవ్వుతావు."

అప్పుడు నా నోటికి తీగలు లేకపోతే ఏమనేవాణ్ణో నాకు బాగా తెలుసు. మీ నాన్నగారి కాలు మాత్రల వల్ల పోలేదు, మాత్రలు చాలక పోయింది, ఆయన మోతాదు ఎంత, పథ్యం చేశారా లేదా, ఒక్క మనిషికి జరిగిందాన్ని బట్టి లోకానికంతా సూత్రం కడతారా, మీరు చదువుకున్నవారేనా. మాటలు వరసగా వచ్చి పళ్ల వెనక నిలబడ్డాయి. పలక మీద నిజంగానే రాయడం మొదలుపెట్టాను. సగం నిండాక చూస్తే, బావగారు నా చేతిని చూస్తున్నారు. దెబ్బ పడబోయే ముందు పిల్లవాడు బెత్తాన్ని చూసినట్టు చూస్తున్నారు.

చెరిపేశాను. ఆలోచించుకుని మళ్లీ రాశాను, ఈసారి చిన్న అక్షరాలతో.

'మీ మాట ఇదేనా? మాత్రలు వాడినా నాన్నగారి కాలు పోయింది. అందుకని వాటి మీద నమ్మకం పోయింది. చూస్తూ కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చేయాలి. రసమైతే మీ చేతుల్లో పని. బండి దగ్గర మీకోసం ఎదురుచూసే మనుషులు కూడా ఉండేవారు.'

ఆయన కళ్లజోడు తెచ్చుకుని చదివారు. రెండోసారి చదివారు.

"ఇదే. ఇంతే నేనన్నది. ఆ రోజు చెప్పాలనుకుంటే నోరు తిరగలా." పలకను ఒళ్లో పెట్టుకున్నారు. "ఇది నీకు అప్పుడు తెలియదా?"

తెలియదని తల ఊపాను. నిజం చెప్పాలంటే, అడగలేదు. అడిగితే పళ్లెం పెట్టడం కుదిరేది కాదు.

పలక వెనక్కి తీసుకుని రాశాను: 'రేపు పొద్దున ఇద్దరం ల్యాబుకు వెళ్దాం. నేను నవ్వలేను.'

"అదీ నిజమేలే," అన్నారు బావగారు. కానీ రాత్రి భోజనాల దాకా వెళ్దామని గానీ వద్దని గానీ అనలేదు. పడుకునే ముందు అక్కతో, పొద్దున తనకు కాఫీ పెట్టవద్దని, పరగడుపున వెళ్లాలని అన్నారు. ఎక్కడికని అక్క అడిగితే, నీ తమ్ముణ్ణి అడుగు అన్నారు. అక్క నా వైపు చూసింది. పలక మీద రాసి చూపించాను. చదివి, పలకను కొంగుతో తుడిచి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు చాలాసేపు ఆగలేదు.

ల్యాబులో రక్తం తీసుకుని కూర్చోమన్నారు. ఎదురుగా గోడకు అద్దం ఉంది. దవడ విరిగాక నేను అద్దం సరిగా చూసుకోలేదు. పళ్ల మీది పట్టీలు ఎత్తుగా ఉండటం వల్ల నా పెదాలు పూర్తిగా మూసుకోవడం లేదు. వాచిన బుగ్గలు పైకి లేచి ఉన్నాయి. పళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఏడుస్తున్నా, నిద్రపోతున్నా నా ముఖం నవ్వుతున్నట్టే ఉంది. ఈ ముఖంతోనే ఇన్ని రోజులుగా ఆయన ఎదురుగా కూర్చున్నాను.

కౌంటరు దగ్గర అమ్మాయి కాగితం చూసి, పేరు మళ్లీ ఒకసారి అడిగి, లోపలి నుంచి ల్యాబు యజమానిని పిలిచింది. అతను చూసి, బాబాయిగారూ, ఇంటికి పోకండి, ఇటునుంచి ఇటే డాక్టరు దగ్గరికి వెళ్లండి అన్నాడు. బావగారు కాగితం వైపు చూడలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూశారు. నేను జేబురుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారి రుమాలు తడిసింది. బావగారు దాన్ని పట్టుకుని కిందికి లాగారు.

"తియ్యవోయ్. అసలే నీకు ఊపిరాడదు. నవ్వట్లేదని తెలుసులే నాకు."

డాక్టరు కుర్రవాడే. కాగితం చూశాడు. బొటనవేలి గుడ్డ విప్పించి చూశాడు. ఇంకొంచెం ఆగి వస్తే వేలు గురించి మాట్లాడుకోవలసి వచ్చేదండి, ఇప్పుడైతే మందులతో చూద్దాం అన్నాడు. మాత్రలు ఎన్నాళ్లయింది మానేసి అని అడిగాడు. వారం పది రోజులండి అన్నారు బావగారు. నేను ఆయన వైపు చూడలేదు, నేలకేసి చూస్తున్నాను. కాసేపటికి ఆయనే సర్దుకున్నారు.

"కాదండి. నెలలైంది. ఆ సభ అయినప్పట్నుంచి."

"ఏం సభండి?"

ఆ జవాబు వినకుండా ఉండటానికి బిగించిన పళ్లు ఊడొచ్చినా ఒప్పుకునేవాణ్ణి. పక్క కుర్చీలో బావగారు కండువా సర్దుకున్నారు.

"మా ఇంటి సభేనండి. ఏదో సరదాకి."

డాక్టరు ఇంక అడగలేదు. మాత్రలు రాశాడు. పండ్ల రసాలు వద్దండి, తినాలనిపిస్తే జామకాయో ఏదో సగం ముక్క నమిలి తినండి, కాకర రసం తాగినా తాగకపోయినా మాత్ర మాత్రం ఆపకండి అన్నాడు. మైకు పట్టుకుని ముప్పావుగంట నేను చెప్పింది ఇదే. అతను తల కూడా ఎత్తకుండా, రాసుకుంటూ చెప్పాడు. బావగారు అలాగేనండి అన్నారు.

దారిలో బజారులో ఆగి దోరజామకాయలు రెండు కొన్నారు. ఇంటికి వచ్చాక అక్క మాత్రా, మంచినీళ్లూ తెచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన మింగి, నోరు తెరిచి చూపించారు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఆమె చాలా రోజులు నాతోనూ సరిగా మాట్లాడలేదు. అడిగితే, మీ ఇద్దరి ఆటలో నన్నెందుకు కలుపుతారు అనేది.

సాయంత్రం ఎప్పటిలాగే జ్యూసర్ చప్పుడు వినిపించింది. బావగారు నా రసం వడగట్టి, గ్లాసు వెలుతురుకి పెట్టి చూసి, గొట్టంతో సహా నా చేతికిచ్చారు. తన వంతు సగం జామకాయ ముక్కలు కోసుకుని పళ్లెంలో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. మొదటి ముక్క కొరికారు. కరకరమని చప్పుడైంది. నా కళ్లు ఆ ముక్క మీదకి పోయినట్టున్నాయి. ఆయన నమలడం ఆపేశారు. లేచి, కుర్చీని ఎత్తి గోడవైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. అటు తిరిగి, చప్పుడు రాకుండా పెదాలు మూసుకుని, నెమ్మదిగా నమిలారు.